మళ్లీ మళ్లీ తిరగబెట్టే మూత్రంలో మంట

ఆరు నెలల్లో రెండుసార్లు గాని, ఏడాదిలో మూడుసార్లు గాని మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినట్టు పరీక్షలో తేలితే వైద్యులు దాన్ని తిరగబెట్టే ఇన్ఫెక్షన్‌గా లెక్కిస్తారు. నెలసరి ఆగిపోయిన తరువాత నేనూ ఆ లెక్కలోకి వచ్చాను. ఖమ్మంలో జూనియర్ కళాశాల విద్యార్థులకు వృక్షశాస్త్రం చెప్పుకుంటూ గడిపిన దాన్ని కాబట్టి సూక్ష్మజీవుల సంగతి నాకు కొంత తెలుసు. అయినా ఈ బాధ ఒంటికి వచ్చిన తరువాతే దాని గురించి పట్టుదలగా చదివాను, వైద్యులను అడిగాను. స్టాఫ్ రూములోనో, బంధువుల ఇంటి పెళ్లిలోనో ఈ మాట ఎత్తినప్పుడల్లా "నాకూ ఉంది, ఎవరితో చెప్పుకోను" అంటూ గొంతు తగ్గించి చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది చేస్తున్నది ఒకటే: మంట మొదలైన ప్రతిసారీ దాన్ని కొత్త జబ్బుగా చూడడం, ఆ పూటకు ఏదో ఒక మాత్ర వేసుకోవడం, మంట తగ్గగానే మరచిపోవడం. మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని విడివిడి జబ్బులుగా కాక, బీపీని, షుగరును చూసినట్టు ఒకే దీర్ఘకాలిక సమస్యగా చూసి, ప్రతిసారీ పరీక్ష చేయించి, ఆ కాగితాలు దాచిపెట్టి, వెనుక ఉన్న కారణాన్ని వెతికిస్తే తప్ప ఇది దారికి రాదని నా గట్టి నమ్మకం. నేను వైద్యురాలిని కాను. ఇక్కడ రాసినవన్నీ మీ వైద్యులను సరైన ప్రశ్నలు అడగడానికి పనికివస్తాయే గాని, ఏ మందునూ సొంతంగా మొదలుపెట్టడానికి కాదు.

ముందుగా సిగ్గు విషయం. ఈ ఇన్ఫెక్షన్ తరచూ వచ్చే స్త్రీలు తమ శుభ్రత మీద తామే అనుమానపడతారు, ఇంట్లోవాళ్లూ అనుమానిస్తారు. అసలు సంగతి వేరు. మూత్రాశయ ఇన్ఫెక్షన్లలో సుమారు నాలుగింట మూడు వంతులకు కారణం ఇ-కోలై అనే బ్యాక్టీరియా. 1885లో థియొడోర్ ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు పసిపిల్లల మలంలో దీన్ని మొదటిసారి గుర్తించి వర్ణించాడు. ఇది మనందరి పేగుల్లోనూ ఉంటుంది. ఎంత కడిగినా, ఎన్ని సబ్బులు మార్చినా పేగుల్లోంచి పోయేది కాదు. మలద్వారం నుంచి మూత్రద్వారం దాకా చర్మం మీదుగా పాకడం దీనికి పెద్ద పని కాదు. అక్కడి నుంచి మూత్రాశయానికి చేరడానికి పురుషులలో సుమారు 20 సెంటీమీటర్ల నాళాన్ని దాటాలి, స్త్రీలలో ఆ దూరం 4 సెంటీమీటర్లే. పైకి చేరిన బ్యాక్టీరియా తన ఒంటి మీది సన్నని నూగు వంటి పోగులతో మూత్రాశయపు గోడను పట్టుకుంటుంది కాబట్టి మూత్రధారకు కూడా తేలికగా కొట్టుకుపోదు. అందులో కొంత ఆ గోడ కణాల లోపలికి దూరి దాగుంటుందని కూడా శాస్త్రవేత్తలు చూపించారు. మందు వాడిన కొన్ని వారాలకే జబ్బు తలెత్తడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఇందులో శుభ్రత లోపమంటూ చెప్పుకోవలసింది చాలా తక్కువ. పైపెచ్చు అతిశుభ్రతే హాని చేస్తుంది. యాంటీసెప్టిక్ ద్రావణాలతోనూ, సువాసన గల వాష్‌లతోనూ లోపలిదాకా కడుక్కునే అలవాటు వల్ల యోని మార్గంలో మనకు కాపలా కాసే మేలిరకం బ్యాక్టీరియా, అంటే లాక్టోబాసిల్లై నశిస్తాయి. మామూలు నీళ్లతో, ముందు నుంచి వెనక్కు కడుక్కుంటే చాలు.

ఇక పరీక్ష. ఈ వ్యాసంలో ఒక్క పేరానే చదివే తీరిక ఉన్నవాళ్లు దీన్ని చదవండి. మన దగ్గర ల్యాబుల్లో సీయూఈ అని రాసే మామూలు మూత్రపరీక్ష వేరు, మూత్రంలోని సూక్ష్మజీవిని ల్యాబులో పెంచి చూసే కల్చర్ పరీక్ష వేరు. సీయూఈలో చీము కణాలు, ఎర్ర కణాలు, చక్కెర, ప్రోటీను ఉన్నాయో లేదో తెలుస్తుంది. ఏ సూక్ష్మజీవి వచ్చింది, దానికి ఏ మందు పనిచేస్తుంది అనేది మాత్రం కల్చర్‌లోనే తెలుస్తుంది. తరచూ వచ్చేవాళ్లు మొదటి యాంటీబయోటిక్ మాత్ర మింగకముందే కల్చర్‌కు నమూనా ఇవ్వాలి. మాత్ర వేసుకున్నాక ఇస్తే సూక్ష్మజీవి పెరగకపోవచ్చు, అప్పుడు కాగితం మీద "గ్రోత్ లేదు" అని వస్తుంది, మంట మాత్రం అలాగే ఉంటుంది. నమూనా ఇచ్చే తీరులోనే సగం ఫలితం ఉంది. చేతులు కడుక్కుని, ఆ భాగాన్ని మంచినీళ్లతో కడిగి, యోని పెదవులను వేళ్లతో ఎడం చేసి పట్టుకుని, మొదట వచ్చే కొద్దిపాటి మూత్రాన్ని వదిలేసి, ధార ఆపకుండానే మధ్యలో వచ్చేదాన్ని ల్యాబువాళ్లిచ్చిన స్టెరైల్ సీసాలో పట్టాలి. సీసా మూతను బల్ల మీద బోర్లా పెట్టకూడదు, లోపలి అంచుకు వేలు తగలనివ్వకూడదు. ఇంట్లో ఉన్న మందు సీసా కడిగి అందులో పట్టి తీసుకుపోవడం ఎంతమాత్రం పనికిరాదు. పట్టిన రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి. ఆలస్యమయ్యేట్టుంటే ఫ్రిజ్‌లో, డీప్ ఫ్రీజర్‌లో కాకుండా కింది అరలో ఉంచితే ఒక రోజు వరకు నిలుస్తుంది. మే నెల ఎండలో స్కూటర్ డిక్కీలో పెట్టుకుని సగం ఊరు తిరిగి ఇచ్చిన నమూనాలో బ్యాక్టీరియా దానంతటదే పెరిగిపోతుంది, ఆ ఫలితాన్ని నమ్మలేం.

ఫలితం రావడానికి సాధారణంగా రెండు రోజులు పడుతుంది. మొదటి రోజు సూక్ష్మజీవి పెరగాలి, రెండో రోజు దాని మీద మందులను పరీక్షించాలి. చేతికొచ్చిన కాగితంలో మూడు సంగతులు చూడండి. ఒకటి, సూక్ష్మజీవి పేరు. రెండు, మిల్లీలీటరుకు ఎన్ని కాలనీలు, అంటే సూక్ష్మజీవుల గుంపులు, పెరిగాయన్నది. లక్ష దాటితే ఇన్ఫెక్షన్ అనే పాత కొలమానం ఉంది గాని, మంట, మాటిమాటికీ వెళ్లవలసి రావడం వంటి లక్షణాలు స్పష్టంగా ఉన్న స్త్రీలో ఒకే రకం సూక్ష్మజీవి అంతకంటే తక్కువ పెరిగినా వైద్యులు లెక్కలోకి తీసుకుంటారు. మూడు, మందుల పట్టిక. ప్రతి మందు ఎదుట ఎస్ అని ఉంటే ఆ సూక్ష్మజీవి దానికి లొంగుతుందని, ఆర్ అని ఉంటే లొంగదని అర్థం. రెండు మూడు రకాలు కలిసి పెరిగాయని రాస్తే చాలావరకు అది నమూనా పట్టడంలో చర్మం మీది బ్యాక్టీరియా కలిసిందని అర్థం; మందు వాడే బదులు ఇంకో నమూనా ఇవ్వాలి. ఇంకొక సంగతి మన దేశంలో ముఖ్యంగా గుర్తుంచుకోవాలి. సీయూఈలో ప్రతిసారీ చీము కణాలు కనిపిస్తూ, మందులేవీ వాడకపోయినా కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, మూత్రవ్యవస్థకు క్షయ సోకిందేమోనని వైద్యులు ఆలోచించవలసి ఉంటుంది. క్షయ సూక్ష్మజీవి మామూలు కల్చర్‌లో పెరగదు, దానికి వేరే పరీక్షలున్నాయి. కాగితాలన్నీ ఒక్కచోట వరుసగా ఉన్నప్పుడే ఈ రకమైన అనుమానం వైద్యుడికి తడుతుంది. ఏ కాగితానికా కాగితం చింపి పారేసినవారికి తట్టేదెలా?

మా వీధి చివర మందుల దుకాణంలో ఒక సాయంత్రం నా ముందు నిలబడిన పాతికేళ్ల అమ్మాయి "అన్నా, ఒంటికి పోతే మంట, ఏదన్నా ఇవ్వు" అని అడిగింది. ఆ అబ్బాయి ప్రశ్న ఒక్కటీ వేయకుండా అరలోంచి పట్టీ తీసి, కత్తెరతో నాలుగు మాత్రలు కత్తిరించి, వాటితో పాటు గులాబీరంగు సిరప్ సీసా ఒకటి కాగితం సంచిలో వేసి ఇచ్చాడు. ఆ పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంది. వైద్యుడి చీటీ లేకుండా వాడకూడని మందులకు ఈ ఎర్ర గీత గుర్తు అని 2016లో కేంద్ర ప్రభుత్వం పెద్దఎత్తున ప్రచారం చేసింది. గీత ఉంది, అమ్మకమూ సాగుతోంది. ఆ అమ్మాయి గర్భవతేమో, ఆమెకు జ్వరం ఉందేమో ఎవరూ అడగలేదు. నాలుగు మాత్రలకు మంట తగ్గుతుంది, ఆ తరువాత వచ్చేది మరింత మొండిది అవుతుంది. మన దేశంలో మూత్ర నమూనాల్లో పెరిగే ఇ-కోలైలో చాలా భాగం సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ వంటి మందులకు గాని, సెఫిక్సిమ్ వంటి వాటికి గాని లొంగడం మానేసింది. ఇలా ఇష్టారాజ్యంగా వాడడమే దానికి ముఖ్యకారణం. అదే సమయంలో, దశాబ్దాల నాటి పాత మందులైన నైట్రోఫ్యురాన్‌టోయిన్, ఫాస్ఫోమైసిన్ మాత్రం ఇప్పటికీ ఎక్కువ నమూనాల్లో పనిచేస్తున్నాయి. జ్వరం లేని మామూలు మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు నైట్రోఫ్యురాన్‌టోయిన్ 100 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు 5 రోజులు ఇవ్వడం, లేదా ఫాస్ఫోమైసిన్ 3 గ్రాముల పొడిని నీళ్లలో కలిపి ఒకే ఒక్కసారి తాగించడం పరిపాటి. మొదటిదాన్ని భోజనంతో కలిపి వేసుకుంటే కడుపులో తిప్పదు. మూత్రం ముదురు పసుపుగానో గోధుమరంగుగానో వస్తే కంగారు పడనవసరం లేదు. కిడ్నీల పనితీరు బాగా తగ్గినవారికి, జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండడం) ఉన్నవారికి, నెలలు నిండిన గర్భిణులకు అది పనికిరాదు. ఇన్ఫెక్షన్ కిడ్నీకి ఎక్కితే ఈ రెండు మందులూ చాలవు. ఇక ఆ గులాబీరంగు సిరప్ మూత్రంలోని ఆమ్లగుణాన్ని తగ్గించి మంటను కాస్త చల్లార్చడానికే. అది సూక్ష్మజీవిని చంపదు. సిరప్‌తో మంట తగ్గింది కదా అని జబ్బు పోయిందనుకోవడం ప్రమాదం.

చలి, వణుకుతో కూడిన జ్వరం, నడుముకు పైన ఒక పక్క పోటు, వాంతులు ఉంటే అది కిడ్నీకి పాకిందని అనుమానించి అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. గర్భిణులకు, చిన్నపిల్లలకు, పురుషులకు వచ్చే మూత్రంలో మంటను కూడా ఎన్నడూ మందుల దుకాణంలో తేల్చుకోకూడదు.

తిరగబెట్టడంలోనూ రెండు రకాలున్నాయి. మందు ముగిసిన రెండు వారాల్లోపే అదే సూక్ష్మజీవితో మళ్లీ వస్తే, అది లోపల ఎక్కడో దాగి ఉందేమో చూడాలి. రెండు వారాలు దాటి వచ్చేవి చాలావరకు బయటి నుంచి కొత్తగా ఎక్కినవే. దాచిన కల్చర్ కాగితాలు పక్కపక్కన పెట్టి చూస్తే గాని ఈ తేడా తెలియదు. మొదటి రకంలో స్కానింగ్ ముఖ్యం. కిడ్నీలో రాయి ఉంటే దాని పగుళ్లలో సూక్ష్మజీవులు మందుకు అందకుండా కాపురం ఉంటాయి. ప్రోటియస్ అనే సూక్ష్మజీవి అయితే మూత్రాన్ని క్షారంగా మార్చి తానే రాళ్లు పెరగడానికి కారణమవుతుంది. అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయించేటప్పుడు, మూత్రం పోసి వచ్చిన తరువాత మూత్రాశయంలో ఎంత మిగిలిందో కొలవమని తప్పకుండా అడగండి. పిల్లలు పుట్టిన తరువాత గర్భసంచి జారినవారిలో, ఏళ్ల తరబడి షుగరు వల్ల నరాలు దెబ్బతిన్నవారిలో, ప్రోస్టేటు పెరిగిన మగవారిలో మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. ఆ మిగులే సూక్ష్మజీవికి తొట్టె. షుగరు మూడు నెలల సగటు కూడా చూసుకోవాలి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి షుగరు మందులు చక్కెరను మూత్రం ద్వారా బయటికి పంపుతాయి కాబట్టి వాటిని వాడేవారిలో మర్మభాగాల్లో ఫంగస్, దురద ఎక్కువ. దాన్ని మూత్ర ఇన్ఫెక్షన్ అనుకుని యాంటీబయోటిక్ వాడితే ఫంగస్ ఇంకా పెరుగుతుంది. గుండెకూ కిడ్నీలకూ మేలు చేసే ఆ మందులను మాత్రం వైద్యుణ్ని అడగకుండా ఆపకూడదు. ఇవన్నీ చూశాక కూడా చాలామంది స్త్రీలలో ఏ లోపమూ కనపడదు. అప్పుడు గొట్టం వేసి చూసే పరీక్షల దాకా అందరూ వెళ్లనక్కరలేదు.

నీళ్ల సంగతి మన పెద్దవాళ్లు ఎప్పుడూ చెప్పిందే. దానికి గట్టి ఆధారం దొరికింది మాత్రం ఈ మధ్యనే. బల్గేరియాలో 140 మంది స్త్రీల మీద జరిపిన పరిశోధన 2018లో వెలువడింది. వాళ్లందరూ తరచూ ఇన్ఫెక్షన్ వచ్చేవారు, రోజుకు లీటరున్నర కంటే తక్కువ ద్రవాలు తాగేవారు, నెలసరి ఇంకా ఆగనివారు. సగం మందిని రోజూ మరో లీటరున్నర నీళ్లు అదనంగా తాగమన్నారు. ఏడాదిలో వాళ్లకు సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, పాత అలవాటులోనే ఉన్నవారికి 3.2 సార్లు వచ్చింది. దాదాపు సగానికి సగం తగ్గడమన్నమాట, అదీ మందు లేకుండా. ఎండాకాలంలో ఖమ్మం, కొత్తగూడెం ప్రాంతాల్లో చెమటకే ఎంతో నీరు పోతుంది కాబట్టి ఇక్కడ ఇంకా ఎక్కువ తాగాలి. మూత్రం లేత పసుపులో ఉంటే సరిపడా తాగుతున్నట్టు. మజ్జిగ, బార్లీ నీళ్లు, కొబ్బరి నీళ్లు అన్నీ ఆ లెక్కలోకే వస్తాయి. బార్లీలో ప్రత్యేకమైన మహిమ ఉందో లేదో గాని, దాని పేరు చెప్పి రోజుకో చెంబు నీరు అదనంగా కడుపులోకి పోతుంది, అందుకే నేను ఎవరినీ వద్దనను. గుండె వైఫల్యం, కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం వైద్యుడు చెప్పిన కొలత దాటకూడదు.

అయితే నీళ్లు తాగమని చెప్పడం తేలిక. తాగిన తరువాత ఎక్కడికి వెళ్లాలి? మా కళాశాలలో పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చే ఆడపిల్లలు సాయంత్రం ఇంటికి చేరేదాకా గుక్కెడు నీళ్లు కూడా ముట్టుకోకుండా ఉండడం ఏళ్ల తరబడి చూశాను. వాళ్ల సీసాలు నిండుగా వచ్చి నిండుగానే తిరిగి వెళ్లేవి. గడియ విరిగిన తలుపు, నీళ్లు రాని కుళాయి, నెలసరి బట్ట పారేయడానికి చోటు లేని మూల: వాళ్లు నీళ్లు మానడానికి కారణాలు ఇవి. వరినాట్లకు వెళ్లే కూలీలు, బట్టల దుకాణాల్లో రోజంతా నిలబడే అమ్మాయిలు, దూరప్రయాణపు బస్సుల్లో కిటికీ పక్కన బిగుసుకు కూర్చునే అమ్మలు, అందరిదీ ఇదే లెక్క. గంటల తరబడి ఆపుకుంటే మూత్రాశయంలో చేరిన కొద్దిపాటి బ్యాక్టీరియా తీరికగా పెరుగుతుంది. ధారతో దాన్ని కడిగి పంపడమే మూత్రాశయానికి ఉన్న మొదటి రక్షణ. కేరళలో 2019లో బడుల్లో నీళ్లు తాగడానికి ప్రత్యేకంగా గంట కొట్టడం మొదలుపెట్టినప్పుడు సంతోషించాను. ఆ గంటతో పాటు గడియ పడే తలుపు, ధారగా వచ్చే కుళాయి ఉన్న మరుగుదొడ్డి కూడా ఉండాలని తల్లిదండ్రుల సమావేశాల్లో అడగవలసింది మనమే. ఇది ఆడపిల్లల ఆరోగ్యానికి సంబంధించిన విషయం. ఇందులో మొహమాటానికి తావు లేదు.

కొత్తగా పెళ్లయినవారిలో ఈ బాధ ఎక్కువగా కనిపిస్తుంది. కలయిక సమయంలో బ్యాక్టీరియా మూత్రనాళంలోకి నెట్టబడుతుంది. ఇది భర్త నుంచి అంటుకున్న సుఖవ్యాధి కాదు, ఎవరి నడవడిక మీదా అనుమానానికి ఇందులో చోటు లేదు. తెల్లబట్ట రంగు మారడం, దుర్వాసన, పుండ్లు ఉంటే మాత్రం వాటికి వేరే పరీక్షలు కావాలి. కలయిక తరువాత మూత్రానికి వెళ్లిరావడం వల్ల హాని లేదు, సులువు కూడా. దానికి గట్టి రుజువు లేకపోయినా వైద్యులు ఆ సలహా ఇస్తారు. వీర్యకణాలను చంపే రసాయనం పూసిన కండోములు, జెల్లీలు ఇన్ఫెక్షన్ అవకాశాన్ని పెంచుతాయన్నది మాత్రం రుజువైన సంగతి. అవి వాడుతుంటే వేరే పద్ధతికి మారాలి. ప్రతిసారీ కలయిక తరువాతే వస్తోందని తేలినవారికి, ఆ తరువాత ఒకే ఒక్క చిన్న మోతాదు మాత్ర వేసుకునే పద్ధతిని వైద్యులు సూచించవచ్చు.

నా వయసువారి సంగతి వేరు. నెలసరి ఆగాక ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ తగ్గుతుంది. యోని మార్గపు పొర పలచబడుతుంది, పొడిబారుతుంది, ఆ పొరలోని చక్కెర పదార్థం మీద బతుకుతూ ఆమ్లాన్ని తయారుచేసే లాక్టోబాసిల్లై కనుమరుగవుతాయి. ఆమ్లగుణం పోయిన ఆ చోట ఇ-కోలై స్థిరపడుతుంది, అక్కడి నుంచి మూత్రద్వారానికి ఉన్నది ఒక్క అడుగు. దీనికి చికిత్స ఉందని మనలో చాలామందికి ఎవరూ చెప్పరు. 1993లో రాజ్, స్టామ్ అనే ఇద్దరు పరిశోధకులు నెలసరి ఆగిన 93 మంది స్త్రీలతో చేసిన అధ్యయనాన్ని ప్రచురించారు. కొందరికి యోనిలో రాసుకునే ఈస్ట్రియాల్ (ఒక రకం ఈస్ట్రోజెన్) క్రీమ్, మిగిలినవారికి మందు లేని క్రీమ్ ఇచ్చారు. రెండు వారాలు రోజూ రాత్రి, ఆ తరువాత వారానికి రెండుసార్లు, ఎనిమిది నెలల పాటు వాడారు. మందు లేని క్రీమ్ రాసుకున్నవారిలో ఏడాదికి ఒక్కొక్కరికి 5.9 చొప్పున ఇన్ఫెక్షన్లు రాగా, ఈస్ట్రియాల్ వాడినవారిలో అది 0.5 మాత్రమే. నెల తిరిగేసరికి వారిలో 61 శాతం మందికి లాక్టోబాసిల్లై తిరిగి వచ్చాయి. రెండో వర్గంలో ఒక్కరికీ రాలేదు. వృక్షశాస్త్రం చదివిన నాకు ఇది పంటచేను మళ్లీ పచ్చబడడం లాంటిదనిపించింది.

నాకు ఈ క్రీమ్ రాసిచ్చిన వైద్యురాలు, "అమ్మా, రెండు వారాల్లో తేడా కనిపించలేదని మానేయకండి, దీనికి రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి" అని ముందే హెచ్చరించారు. ట్యూబుతో పాటు కొలత గీతలున్న చిన్న ప్లాస్టిక్ గొట్టం వస్తుంది. గీత వరకు క్రీమ్ ఎక్కించి, పడుకునే ముందు వెల్లకిలా పడుకుని మోకాళ్లు ముడిచి లోపలికి వదలాలి, తరువాత గొట్టాన్ని గోరువెచ్చని సబ్బునీటితో కడిగి ఆరబెట్టాలి. మా వదిన ఆ ట్యూబు చూసి "ఈ వయసులో ఇవేం క్రీములు వదినా, క్యాన్సర్ వస్తుందంటారు కదా" అని భయపడింది. చాలామంది ఆగిపోయేది ఇక్కడే. హార్మోన్ మాత్రలు నోటితో మింగడం వేరు, చాలా తక్కువ మోతాదులో యోనిలో రాసుకోవడం వేరు. రాసుకున్నది రక్తంలోకి చేరేది అత్యల్పం. నోటి మాత్రలు ఈ ఇన్ఫెక్షన్లను తగ్గించవు కూడా. రొమ్ము క్యాన్సర్ వచ్చి తగ్గినవారు తమ క్యాన్సర్ వైద్యుణ్ని అడిగిన తరువాతే నిర్ణయించుకోవాలి. నెలసరి ఆగాక మళ్లీ రక్తస్రావం కనిపిస్తే ముందు దాని కారణం తేల్చాలి. ఈ రెండూ లేనివారు కేవలం సిగ్గుతో, భయంతో దీన్ని వదులుకుని ఏడాదికి నాలుగైదు విడతల యాంటీబయోటిక్ మింగుతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

ఇంకా తగ్గనివారికి మునుపు మిగిలిన దారి, ఆరు నెలలో ఏడాదో రోజూ చిన్న మోతాదులో యాంటీబయోటిక్ వాడడమే. అది పనిచేస్తుంది, కానీ వాడినంతకాలమే. ఆపాక చాలామందికి మళ్లీ వస్తుంది, ఆలోగా పేగుల్లోని బ్యాక్టీరియా ఆ మందుకు మొండికేస్తుంది. నైట్రోఫ్యురాన్‌టోయిన్ నెలల తరబడి వాడేవారికి పొడిదగ్గు, ఆయాసం మొదలైతే ఊపిరితిత్తులను పరీక్షించుకోవాలి. ఇప్పుడు మరో దారి ఉంది. మెథెనమిన్ హిప్పురేట్ అనే పాత మందు యాంటీబయోటిక్ కాదు. ఆమ్లగుణం ఉన్న మూత్రంలో విడిపోయి ఫార్మాల్డిహైడ్‌గా మారి సూక్ష్మజీవులను చంపుతుంది. బ్రిటన్‌లో 240 మంది స్త్రీలతో జరిపి 2022లో ప్రచురించిన పరిశోధనలో, రోజూ యాంటీబయోటిక్ వాడినవారికి ఏడాదికి సగటున 0.89 సార్లు, మెథెనమిన్ వాడినవారికి 1.38 సార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. ఆ స్వల్ప తేడాను యాంటీబయోటిక్ లేకుండా గడిపిన ఏడాదితో తూచి, ఇది దానికి తీసిపోదని పరిశోధకులు తేల్చారు. ఇది వాడేటప్పుడు మూత్రాన్ని క్షారంగా మార్చే గులాబీరంగు సిరప్ తాగితే మందు పని చెడుతుంది.

దుకాణాల్లోనూ ఆన్‌లైన్‌లోనూ ఖరీదుగా అమ్మే రెండింటి గురించి కూడా చెప్పాలి. క్రాన్‌బెర్రీ ఉత్పత్తుల మీద వచ్చిన 50 అధ్యయనాలను 2023లో, వైద్య పరిశోధనలను కలిపి తూచే కోక్రేన్ సంస్థ సమీక్షించి, తరచూ ఇన్ఫెక్షన్ వచ్చే స్త్రీలలో అవి ముప్పును సుమారు నాలుగో వంతు తగ్గిస్తాయని తేల్చింది; వృద్ధాశ్రమాల్లోని పెద్దవారికి, గర్భిణులకు మాత్రం మేలు కనిపించలేదు. అది నివారణకే, వచ్చిన ఇన్ఫెక్షన్‌ను తగ్గించదు. చక్కెర కలిపిన రసం కొనుక్కుంటే షుగరున్నవారికి నష్టమే. డి-మానోజ్ అనే చక్కెర పొడి మీద నాకు చాలా ఆశ ఉండేది, ఎందుకంటే బ్యాక్టీరియా పోగులు పట్టుకునేది ఆ చక్కెరనే. కానీ బ్రిటన్‌లో 598 మందితో జరిపి 2024లో వెలువరించిన పరిశోధనలో, ఆరు నెలల్లో ఆ పొడి తీసుకున్నవారిలో 51 శాతం మందికి, మామూలు పొడి తీసుకున్నవారిలో 55.7 శాతం మందికి ఇన్ఫెక్షన్ అనుమానంతో మళ్లీ వైద్యుల దగ్గరకు వెళ్లవలసి వచ్చింది. ఆ కాస్త తేడాను యాదృచ్ఛికమేనని లెక్కగట్టారు. నెలనెలా దానికి పెట్టే డబ్బుతో కల్చర్ పరీక్ష చేయించుకోవడం మేలని నా అభిప్రాయం.

చివరగా, లక్షణాలేవీ లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా కనిపించే సంగతి. మా అత్తగారికి ఎనభై దాటాయి. కీళ్లనొప్పులకని చేయించిన పరీక్షల కట్టలో సీయూఈ కూడా ఉంది, అందులో చీము కణాలు ఎక్కువగా ఉన్నాయి, కల్చర్‌లో ఇ-కోలై పెరిగింది. ఆమెకు మంట లేదు, జ్వరం లేదు, ఎప్పటిలాగే తింటున్నారు, తిరుగుతున్నారు. కాగితం చూసిన బంధువు ఒకరు వెంటనే ఇంజెక్షన్లు వేయించాలన్నారు. మా వైద్యుడు మాత్రం ఆమెను ఎదుట కూర్చోబెట్టి, "ఒంటికి వెళ్లేటప్పుడు ఏమైనా ఇబ్బందిగా ఉందా పెద్దమ్మా?" అని అడిగి, పొత్తికడుపు, నడుము నొక్కి చూసి, మందు అవసరం లేదన్నారు. పెద్దవయసులో చాలామంది స్త్రీల మూత్రంలో బ్యాక్టీరియా బాధపెట్టకుండా ఉంటుంది. దానికి మందు వాడితే మేలు జరగదు, తరువాత నిజంగా జబ్బు చేసినప్పుడు పనికిరావలసిన మందు ముందే వ్యర్థమవుతుంది. దీనికి ముఖ్యంగా రెండు మినహాయింపులున్నాయి: గర్భిణులు, మూత్రమార్గంలో పొర గీసుకుపోయే శస్త్రచికిత్సకు వెళ్లబోయేవారు. గర్భిణులలో మంట లేకపోయినా బ్యాక్టీరియా ఉంటే కిడ్నీకి ఎక్కే ప్రమాదం ఉంది, నెలలు నిండకముందే కాన్పు అయ్యే ముప్పూ ఉంది. అందుకే మొదటి నెలల్లోనే వారికి కల్చర్ చేయించి, పెరిగితే మందు ఇస్తారు. మా అత్తగారికి వైద్యుడు రాసిచ్చిన చీటీలో మందుల పేర్లేవీ లేవు. మంట, జ్వరం, కడుపునొప్పి వంటివి కొత్తగా మొదలైతే తప్ప మూత్రపరీక్ష మళ్లీ చేయించవద్దని రాసి కింద సంతకం పెట్టారు.